రెక్క మీద మాసిక

ఆ ఏడు వానలు మొదలైన రోజే నా కుట్టుమిషను రోడ్డున పడింది.

పడిందంటే ఎవరో విసిరెయ్యలేదు. నేనే మోసుకొచ్చి షెడ్డు బయట చూరు కింద వేసుకున్నాను. లోపల చోటు లేదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వెనక, మా ఇంటిని ఆనుకుని ఉన్న ఆ షెడ్డులో, పెళ్ళి కాక ముందు నుంచీ లారీల మీద కప్పే బరకాలు కుడుతున్నాను. బరకం కుట్టాలంటే పొడవాటి నేల కావాలి. పరవాలి, కొలవాలి, మడత పెట్టి మిషను కిందికి లాగాలి. ఆ నేలంతా ఇప్పుడు మా అల్లుడి విమానం పడుకుని ఉంది.

బొమ్మ విమానం కాదు. మనిషి కూర్చుని ఎగిరేదే. ఒక్కడికే సీటు. మా అల్లుడు షాబాజ్ ఆకివీడు చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచేస్తాడు. మాకు మెహజబీన్ ఒక్కతే కూతురు గనక మా ఇంట్లోనే ఉంటాడు. ఎక్కడినుంచో ప్లాన్లు తెప్పించుకుని, చెక్క, గొట్టాలు, ఓ చిన్న ఇంజనూ పెట్టి విమానం కడుతున్నాడు. ఊరి పక్క రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే ఉంది. పర్మిషన్ వస్తే దాని మీంచి లేచి కొల్లేరు మీద ఒక్క చుట్టు తిరిగి రావాలని అతని కోరిక. ఒకే ఒక్క చుట్టు. తరవాత విప్పేసి అమ్మేసినా పర్వాలేదంటాడు.

దానికి ముందు రెక్కలు పాసవ్వాలి. ఏలూరులో జాకబ్ గారని, విమానాల హ్యాంగర్లలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఉన్నారు. ఆయన రెక్కలు చూసి సంతకం పెడితేనే కాగితాలు పైకి కదులుతాయి. కాగితాలు కదిలితే విమానం రన్‌వే దగ్గరికి కదులుతుంది. అది కదిలితే నా మిషను లోపలికి వస్తుంది. నాకు కావలసింది ఆ చివరిదొక్కటే.

"ఏవండీ వహాబు గారూ!" అన్నాడు ఉల్లిపాయల వెంకటరత్నం, గొడుగు వేసుకొచ్చి. అతని లారీలన్నిటికీ బరకాలు నావే. "ఉల్లిపాయలు తడిస్తే మొలకలు వస్తాయండీ. రెక్కలు రావు. మీ దగ్గరేమో రెక్కలున్నాయి, బరకాలు లేవు. ఏం చెయ్యమంటారు నన్ను?"

"ఇస్తాను" అన్నాను.

"ఎప్పుడండీ? మీ అల్లుడుగారు ఎగిరాకా, దిగాకా?"

చుట్టూ ఉన్న ముఠా కూలీలు నవ్వారు. నేను మిషను తొక్కాను. చూరులోంచి వాన నీళ్ళు వీపు మీద పడుతున్నాయి.

ఈ మాట అల్లుడితో అనడానికి లేదు. మా ఆవిడ ఆబిదా సంగతి మీకు తెలియదు. ఆమె దగ్గర అల్లుడంటే ఇంటికొచ్చిన చుట్టంతో సమానం, ఎన్నేళ్ళున్నా సరే. 'అల్లుడుగారూ' అనాలి, 'మీరు' అనాలి, అతను చేసిన పనిలో వంక చూపకూడదు. అతనూ అంతే. 'మామయ్యగారండీ' అంటాడు, నేనొస్తే లేచి నిలబడతాడు. షెడ్డు ఎప్పుడు ఖాళీ చేస్తారని అడగాలంటే కూతురితో చెప్పాలి. అది ఏలూరు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ చేసుకుని రైలు దిగి వచ్చేసరికి దానికి ఒళ్ళు మండిపోతూ ఉంటుంది.

"మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోడానికి నేనేమైనా టెలిఫోనా నాన్నా?" అనేది. "ఎదురుగానే ఉన్నాడుగా. అడగండి."

ఎదురుగానే ఉండేవాడు. నేను అడిగేవాణ్ణి కాదు.

రెక్కల గుడ్డ కుట్టింది ఆబిదాయే. మా వాళ్ళది పూర్వం దూది ఏకే వృత్తి. ఆమె పుట్టింట్లో పరుపులూ దిండ్లూ కుట్టేవారు. షాబాజ్ ప్లాను చూపించి భయపడుతూ అడిగితే, కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇంతేనా అల్లుడుగారూ, ఇది పెద్ద దిండు గలీబు కదండీ" అంది. నిజంగా గలీబులాగే కుట్టింది. చెక్క రెక్క చూస్తే చేప ముల్లులా ఉండేది, నడుమ లావుపాటి దూలం, అడ్డంగా సన్నటి ఎముకలు. దాని మీద ఆ గలీబు తొడిగి, అంచులు చేత్తో కుట్టి, ఇస్త్రీపెట్టె పెట్టి లాగింది. వేడికి గుడ్డ బిగిసి డప్పులా మోగింది. షాబాజ్ దాని మీద వెండిరంగు మందు పూశాడు. రెండు రెక్కలూ బోర్లా పెట్టి ఉండగా, ఆకివీడులో చెరువుల వాళ్ళ దగ్గరినుంచి కబురొచ్చింది, చేపలు నీటి పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి, ఏరేటర్లు ఆగిపోయాయి, వెంటనే రావాలని. వెళ్ళేముందు రెక్కల దగ్గర ఏదో చేసుకుని, సామాను సర్దుకుని పోయాడు. అక్కడే కొన్నాళ్ళు ఉండిపోయాడు.

ఒక మధ్యాహ్నం టీ తాగుదామని లోపలికి వెళ్తే ఆబిదా రెక్క మీద వంగి ఉంది.

"చూశారా" అంది. "ఎలకలో, నిప్పురవ్వలో. ఎన్ని చిల్లులో చూడండి వరసగా, అంచు పొడుగునా."

చూశాను. బఠాణీ గింజంత చిల్లులు, ఎముకకీ ఎముకకీ మధ్య ప్రతి గదికీ ఒకటి. ఆమె అదే గుడ్డలోంచి గుండ్రంగా ముక్కలు కత్తిరించి, అల్లుడి జిగురుతో అంటించి, వేలితో అంచులు నొక్కుతోంది. ఒక రెక్క పూర్తయింది. రెండోది సగంలో ఉంది. అంటించాక డబ్బాలో మిగిలిన వెండిరంగు పూస్తోంది. పూసింది ఎక్కడో, పూయనిది ఎక్కడో తెలియడం లేదు.

"అతనికి చెప్పకండి" అంది. "పాపం, చిన్నబోతాడు. అంత కష్టపడి చేస్తే చిల్లులు పడ్డాయంటే బాగుంటుందా? మనమే సర్దేస్తే పోలా."

బరకంలో చిల్లు కనిపిస్తే మాసిక వేయకుండా ఉండలేం మేము. అది పళ్ళలో ఇరుక్కున్న పీచు లాంటిది. మాసిక బాగా వేసింది. బాగా వేశావని కూడా అనలేదు నేను. టీ తాగి బయటికొచ్చి మిషను తొక్కుకున్నాను.

జాకబ్ గారు రావలసిన ఆదివారం రాలేదు. మోకాలు వాచిందట. తరవాతి ఆదివారం చర్చిలో ఏదో పెళ్ళి. ఆ తరవాత కాలవ గట్టు తెగి ఉంగుటూరు దగ్గర బస్సులు ఆగిపోయాయి. రైలు ఎక్కడానికి ఆయన మోకాలు ఒప్పుకోలేదు. ప్రతిసారీ షాబాజ్ పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షెడ్డు ఊడ్చి కూర్చునేవాడు. ప్రతిసారీ ఆబిదా సేమ్యా వండేది. ఆ సేమ్యా అంతా ముఠా కూలీలు తినేవారు. వాళ్ళకి జాకబ్ గారి మీద ఎంతో గౌరవం ఏర్పడింది.

వెంకటరత్నం ఈలోపు రెండు బరకాలు బయటివాళ్ళ దగ్గర కుట్టించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అల్లుడు ఆకివీడు వెళ్ళినప్పుడు చూసి, నలుగురు కూలీల్ని పిలిచి, బల్లల మీద పరిచిన రెక్కలు రెండూ లేపించి గోడకి నిలువుగా ఆనించాను, పలచటి అంచు కిందికి వచ్చేట్టు. కాస్త నేల ఖాళీ అయింది. ఒక బరకం పట్టేటంత.

షాబాజ్ వచ్చి చూశాడు. పెదవులు బిగించాడు. నా వైపు తిరిగి, "కూలీలు జాగ్రత్తగా పట్టుకున్నారాండి?" అని మాత్రం అడిగాడు.

"పట్టుకున్నారు."

"మంచిదండి."

అంతే. అతను రెక్క చుట్టూ ఓసారి తిరిగాడు. అడుగు భాగం గోడవైపు ఉంది. వంగి చూడలేదు. చూస్తే నన్ను అనుమానించినట్టవుతుందని కాబోలు.

శ్రావణంలో వాయుగుండం పట్టింది. రాత్రీ పగలూ తేడా లేకుండా కొట్టింది. షెడ్డు పైకప్పు మూల రేకు ఒకటి లేచిపోయింది. అక్కడి నీళ్ళు సరిగ్గా ఎడమ రెక్క మొదట్లో పడ్డాయి, విమానానికి తగిలించే వైపు, ఇంకా మూత వేయని చోట. తెల్లారి వెళ్ళి చూసేసరికి ధార ఆ నోట్లోకే పడుతోంది. షాబాజూ నేనూ బరకం లాగి కప్పాం. అతను పైనంతా తుండుతో తుడిచాడు.

"లోపలికి వెళ్ళాయేమో నీళ్ళు" అన్నాను. ఆ వానాకాలం మొత్తం మీద నేను అతనితో సొంతంగా అన్న మాట అదొక్కటే అనుకుంటాను.

"వెళ్ళినా ఇబ్బంది లేదండి మామయ్యగారూ. పోవడానికి దారి పెట్టానండి" అన్నాడు.

ఏం దారి అని నేను అడగలేదు. ఏం దారో అతను చెప్పలేదు.

దసరాకి ముందు ఎండ కాసింది. జాకబ్ గారు వచ్చారు. నిజంగానే వచ్చారు. ఆటో దిగి, కర్ర ఊతంతో షెడ్డులోకి నడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా ముందు విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, జేబులో టార్చిలైటు, పిడి ఉన్న చిన్న అద్దం. మెహజబీన్ ఆ రోజు సెలవు పెట్టింది. ఆబిదా గుమ్మంలో నిలబడింది, కొంగు తల మీదికి లాక్కుని.

రెక్కలు మళ్ళీ బల్లల మీదికి దించాం. కుడి రెక్క మొదలు పెట్టారు. అరచేత్తో నిమిరారు. గుడ్డ మీద వేలితో మీటారు, డప్పు మోగింది. నాణెం తీసి చెక్క ఉన్నచోటల్లా మెల్లిగా కొట్టుకుంటూ, చెవి ఒగ్గి వెళ్ళారు. మొదట్లోంచి అద్దం పెట్టి టార్చి వేసి లోపలికి చూశారు.

"కుట్టు ఎవరిది బాబూ?" అన్నారు.

"మా అత్తయ్యగారిదండి" అన్నాడు షాబాజ్.

"నా సర్వీసులో ఇంత శుభ్రమైన కుట్టు తక్కువ చూశాను."

ఆబిదా సగం గుమ్మం వెనక్కి వెళ్ళిపోయింది. షాబాజ్ మొహం వెలిగింది. నాకు నా మిషను లోపల, ఈ మూలన, ఫ్యాను కింద కనిపించింది.

ఎడమ రెక్క దగ్గర నాణెం సగం దూరం బాగానే మోగింది. తరవాత మోగలేదు. పండిన బూడిద గుమ్మడికాయని కొట్టినట్టు అయింది చప్పుడు. ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే.

"నీళ్ళు పోయే కన్నాలు పెట్టలేదా బాబూ?"

"పెట్టానండి. ప్రతి గదికీ ఒకటి. అడుగున, అంచు పక్కన."

జాకబ్ గారు కర్ర పక్కన పెట్టి, ఆ మోకాలితోనే కింద కూర్చుని, తరవాత రెక్క కింద వెల్లకిలా పడుకున్నారు. తెల్ల చొక్కాతో. టార్చి వేసి అంచు పొడుగునా వేలు నడిపించారు. వేలు ఒకచోట ఆగింది. ఇంకోచోట ఆగింది.

"ఉన్నాయి" అన్నారు కింద నుంచి. "ఎవరో మూశారు. చాలా బాగా మూశారు. ఒక బ్లేడు ఇవ్వండి."

బరకాలు కోసే నా కత్తి ఇచ్చాను. ఆయన లేచి దాన్ని షాబాజ్ చేతికిచ్చారు. షాబాజ్ గుడ్డ మీద మొన ఆనించాడు. చెయ్యి కదలలేదు.

ఆబిదా గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"ఇలా ఇవ్వండి అల్లుడుగారూ" అంది. "కుట్టిందాన్ని నేను. విప్పడం నాకు తెలుసు. మూసింది కూడా నేనే బాబూ" అంది జాకబ్ గారితో. "చిల్లులు పడ్డాయనుకున్నాను."

ఆమె అంచు కుట్టు పట్టుకుని బారెడు పొడుగు కోసింది. టీ రంగు నీళ్ళు బల్ల మీద పడి, కాళ్ళ మీద పడి, నేల మీద నా బరకం దాకా పారాయి. గోగునార నానబెట్టిన కంపు వచ్చింది. లోపల ఎముకలు నల్లబడి ఉన్నాయి. జాకబ్ గారు దూలం మీద బొటనవేలు పెట్టి నొక్కారు. నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది.

"కుడి రెక్క కన్నాలు తెరవండి, ఆరబెట్టండి. అది పనికొస్తుంది" అన్నారు ఆయన చేతులు తుడుచుకుంటూ. "ఇది మళ్ళీ కట్టుకోవాలి. కట్టాక, గుడ్డ తొడిగే ముందు నన్ను పిలవండి. తొడిగాక కాదు. మూసేసిన దాన్ని ఎంత బాగా చూసినా చూసినట్టు కాదు."

సంతకం పెట్టలేదు. సేమ్యా తిన్నారు. మర్యాదకి తిన్నట్టు లేదు, ఆకలి మీద ఉన్నట్టున్నారు. ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

"అత్తయ్యగారండీ" అన్నాడు షాబాజ్, ఆటో మలుపు తిరిగాక. "మాసికలు చాలా బాగా వేశారండి."

వెక్కిరింపు కాదది. అదే వచ్చిన చిక్కు.

ఆ తరవాత మా ఇంట్లో అండీలు పెరిగిపోయాయి. అన్నం పెట్టమంటారాండీ. చాలండీ. నీళ్ళండీ. షాబాజ్ పొద్దున్నే ఆకివీడు వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. షెడ్డు వైపు చూసేవాడు కాదు. ఆబిదా అతని ఎదటికి రావడం మానేసింది. కంచం మూతేసి పెట్టి వంటింట్లో కూర్చునేది. కోసిన రెక్క కోసినట్టే పడి ఉంది. దాని మీద ఈగలు. మెహజబీన్ ఓ సాయంత్రం చెప్పుల జోడు గుమ్మంలో విసిరికొట్టి, "ఈ ఇంట్లో కంటే ఎమర్జెన్సీ వార్డులో ప్రశాంతంగా ఉంది" అంది.

ఓ ఉదయం నేను చూరు కింద మిషనుకి నూనె వేస్తుంటే షాబాజ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వెనకాల మెహజబీన్, డ్యూటీకి బయలుదేరి. ఆబిదా గుమ్మంలో తపేలా పట్టుకుని ఉంది.

"మామయ్యగారండీ, ఓ మాటండి. ఈ ఆదివారానికి షెడ్డు ఖాళీ చేసిస్తానండి. ఇంజను ఎవరో అడుగుతున్నారు. మిగతాది పాతసామాన్ల వాళ్ళు తీసుకెళ్తారండి. ఆకివీడులో ఓ ఇల్లు చూశామండి మేము. అక్కడికి మారిపోతే మీకూ ఇబ్బంది ఉండదు."

"చూశామా?" అంది మెహజబీన్. "ఎవరు చూశారు? నేను చూళ్ళేదే!"

వానలు మొదలైనప్పటి నుంచీ నాకు కావలసింది షెడ్డు. ఇస్తానంటున్నాడు. సరే అంటే చాలు. నూనెడబ్బా పక్కన పెట్టాను.

"నోరు ముయ్యరా" అన్నాను.

ఆబిదా చేతిలో తపేలా గుమ్మానికి కొట్టుకుంది.

"నా షెడ్డులో నాకు తెలియకుండా కన్నాలు పెట్టావు. ఎందుకు పెట్టావో ఒక్క ముక్క చెప్పావా? బరకాలు కుట్టుకునేవాడి ఇంట్లో గుడ్డకి చిల్లులు పొడిచి ఊరెళ్ళిపోతావా? మూసెయ్యక ముద్దు పెట్టుకుంటుందా మీ అత్త? దారి పెట్టాను, దారి పెట్టాను అంటే నాకేం తెలుస్తుంది? ఏం దారిరా?"

మార్కెట్టు కూలీలు బస్తాలు దించి నిలబడ్డారు. షాబాజ్ మొహం ఎర్రబడింది.

"ఆవిడ మూసేటప్పుడు మీరు చూశారా?" అన్నాడు.

"చూశాను."

"చూసి?"

"బాగా వేసిందనుకున్నాను."

"మరి చెప్పొచ్చుగా మామయ్యా!" అని అరిచాడు. అంత గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "నోట్లో మాట అంత బరువా? రెక్కలు తీసుకెళ్ళి గోడకి నిలబెట్టింది మీరు! అప్పుడైనా చెప్పొచ్చుగా! నా కళ్ళ ముందు పాడైపోయింది మొత్తం! మీ ఇంట్లో అందరూ మర్యాదే! మర్యాద చేసి చేసి నా రెక్క కుళ్ళబెట్టారు!"

"మీ ఇంట్లో ఏంట్రా?" అన్నాను. "నీ ఇల్లు కాదూ?"

అతను ఇంకా రొప్పుతున్నాడు.

"అల్లుడితో అలాగేనా మాట్లాడ్డం?" అంది ఆబిదా నాతో. తరవాత అతని వైపు తిరిగి, కొంగు జారిపోయినా సర్దుకోకుండా, "నువ్వైనా నాకు చెప్పాలి కదయ్యా" అంది. "గుడ్డ కుట్టినప్పుడు అడిగావు. కన్నం పెట్టినప్పుడు చెప్పవా?"

మెహజబీన్ గడియారం చూసుకుంది. "నా రైలు పోయింది" అంది. కోపంగా అనలేదు. వెళ్ళి మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది, సినిమాకి వచ్చినట్టు.

నేను లోపలికి వెళ్ళి రింగుల డబ్బా తెచ్చాను. బరకం అంచున తాడు దూర్చే కన్నాలకి వేసే రింగులు. ఇత్తడివి పక్కకి తోసి, అడుగునున్న చిన్న అల్యూమినియంవి ఏరి అతని చేతిలో పోశాను.

"రింగు లేనిది చిల్లు" అన్నాను. "రింగు ఉంటే అది కావాలని పెట్టింది. మీ అత్త ముట్టుకోదు. నేనూ ముట్టుకోను."

అతను రింగుల్ని అరచేతిలో ఎగరేసి చూశాడు.

"బరువెక్కువ మామయ్యా."

"అయితే పలచటివి చేయించు."

"చూస్తాను" అన్నాడు. ఆ రోజు ఆకివీడు వెళ్ళలేదు. మధ్యాహ్నం దాకా కుళ్ళిన ముక్కలు ఊడబీకుతూనే ఉన్నాడు. ఆబిదా పక్కన కూర్చుని ప్రతి ముక్కా చూపించి ఇదేంటి, అదెందుకు అని అడిగింది. అతను విసుక్కుంటూ చెప్పాడు.

ఇది నిరుటి మాట. ఈ ఏడు వానలు కూడా వచ్చి వెళ్ళాయి. ఎడమ రెక్క కట్టడం అయింది. చేప ముల్లులా బల్ల మీద ఉంది. కొత్త గలీబు కుట్టి, మడత పెట్టి బీరువాలో దాచింది ఆబిదా. తొడగడానికి లేదు. జాకబ్ గారు ముందు చూడాలి. ఆయనకి మళ్ళీ మోకాలు వాచింది.

"ఏవండీ వహాబు గారూ, లేచిందా మీ పిట్ట?" అంటాడు వెంకటరత్నం, దారిన పోతూ.

నా మిషను రోడ్డు మీదే ఉంది. చూరులోంచి నీళ్ళు పడే చోట ఒక బరకం ముక్క కట్టుకున్నాను. దానికీ ఓ చిల్లు పడింది. తీరిక లేక మాసిక వేయలేదు.